రాగ్నార్ పోయినంక ఏం జూడాలె? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ప్రశ్నలల్ల సగానికి ఎక్కువ 'వైకింగ్స్' సీరియల్ (వెయ్యేండ్ల కింద పడవలల్ల పోయి ఊర్లు దోచిన ఉత్తర యూరప్ వీరుల కథ, రాగ్నార్ అండ్ల ముఖ్య పాత్ర) మీదనే ఉన్నయి, గందుకే మిగతా సినిమా ప్రశ్నలన్నీ పక్కకు పెట్టి ఇవే తీసుకున్న. ఎవరు చచ్చిండ్రు ఎవరు బతికిండ్రు అన్నీ చెప్పేస్తున్న, సీరియల్ మధ్యల ఉన్నోళ్ళు పేజీ తిప్పేయుండ్రి.

అన్నా, నాలుగో సీజన్ల రాగ్నార్‌ను పాముల గుంతల పడేసి చంపిండ్రు. ఇగ ముంగటికి చూడబుద్ధి అయితలేదు. దోస్తులేమో అసలు యుద్ధాలు ఇప్పుడే షురూ అయితయి అంటున్నరు. చూడాల్నా బంద్ పెట్టాల్నా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

ఆ సీజన్ మొత్తం 20 ఎపిసోడ్లు తమ్మీ, రాగ్నార్ చచ్చేది 15ల, కాబట్టి మిగిలిన ఐదు మాత్రం ఇడిచిపెట్టకు, ఇంగ్లండ్ల వెసెక్స్ రాజు ఎక్‌బర్ట్ లెక్క తేలేది అండ్లనే. ఆ తర్వాత నీ ఇష్టం. నేనైతే ఈ సీరియల్ల యుద్ధాలు వస్తే ఫార్వర్డ్ కొట్టిన, నిజం చెప్తున్న, బురదల పడి పొడుసుకునుడు ఒక్కసారి చూస్తే సాలు. నన్ను కూసోబెట్టింది మాటలు. అథెల్‌స్టన్ అని ఇంగ్లండ్ల లిండిస్‌ఫార్న్ మఠంల క్రైస్తవ సన్యాసి, రాగ్నార్ వాణ్ణి బానిసగ పట్టుకొస్తడు, పిల్లలు పండుకున్నంక పక్కన కూసొని మీ దేవుడు ఎట్లుంటడు, మీ రాజులు ఎట్లుంటరు అని అడుగుతనే ఉంటడు, తర్వాత అదే అథెల్‌స్టన్ ఎక్‌బర్ట్ దగ్గరికి పోతే ఆయనకూ వీడే కావాలె, ఇద్దరు రాజులు ఒక్క సన్యాసి కోసం గుంజుకున్నట్టే అయితది. మూడో సీజన్ల రాగ్నార్ దోస్తు ఫ్లోకి వాణ్ణి చంపుతడు సూడు, ఆ శవాన్ని రాగ్నార్ ఒక్కడే గుట్ట మీదికి మోసుకపోతడు, అక్కణ్ణుంచి ఆ మనిషి మల్ల సక్కగ కాలేదు. నాలుగో సీజన్ 14వ ఎపిసోడ్ల రాగ్నార్, ఎక్‌బర్ట్ ఇద్దరు ముసలోళ్ళయి తాగుకుంట, దేవుడు లేకుంటే ఏంది కథ అని మాట్లాడుకుంటరు గదా, నాకు సీరియల్ మొత్తంల అదే టాపు. ఒక్క కత్తి కూడ లేవది ఆడ.

ఐదో సీజన్ నుంచి ఆ ముచ్చట్లు పలుచనైనయి. బిషప్ హేముండ్‌ను తెచ్చి రాగ్నార్ కొడుకు ఐవార్ పక్కన నిలబెట్టి మల్ల గదే వాసన తెద్దామని చూసిండ్రు గాని అతకలేదు, ఐవార్ ఒర్లుడే ఎక్కువైంది. ఆరో సీజన్ల కీవ్ కథ, ఓలెగ్ ప్రిన్స్ లొల్లి, అదంత నాకు సాగదీసినట్టే కొట్టింది. 2013 నుంచి 2020 దాక 89 ఎపిసోడ్లు మైఖేల్ హర్స్ట్ ఒక్కడే రాసిండు, ఒక్క మనిషికి ఎంతని వస్తయి మాటలు. ఆఖరి ఎపిసోడ్ మాత్రం చూడు, దాంట్ల రాగ్నార్ ఇంకో కొడుకు ఉబ్బే, ఫ్లోకి సముద్రం ఒడ్డున కూసొని మాట్లాడుకుంటరు, మల్ల దారిల పడ్డట్టు అనిపించింది.

రాగ్నార్, రోలో నిజంగ అన్నదమ్ములేనా సార్?
– డిగ్రీ స్టూడెంట్, మహబూబ్‌నగర్

కాదు. పారిస్ మీద రాగ్నార్ అనేటోడు దాడి చేసింది 845ల, చార్లెస్ ద బాల్డ్ రాజు 7,000 పౌండ్ల వెండి ఇచ్చి పంపిచ్చిండు. ఆ రాగ్నార్, కథలల్ల ఉన్న రాగ్నార్ లోత్‌బ్రోక్ ఒక్కడేనా అన్నది ఇంకో పంచాయతీ. రోలోకు ఫ్రాన్స్‌ల నార్మండీ జాగ ఇచ్చింది 911ల, వేరే చార్లెస్, నడుమ 66 ఏండ్లు. 885-86ల ఇంకో పెద్ద ముట్టడి అయింది, సీరియల్ల కోట కాపాడే కౌంట్ ఓడో ఆ ముట్టడి టైం మనిషి. మూడిటినీ కలిపి ఒక్క ఇంటి కథ చేసిండ్రు. సీరియల్ల రాగ్నార్ శవపెట్టెల దాసుకొని పారిస్‌ల జొరబడుడు కూడ పాత కథలల్ల రాగ్నార్‌ది కాదు, రాగ్నార్ కొడుకు బ్యోర్న్‌, ఇంకో వైకింగ్ నాయకుడు హాస్టేన్‌ల మీద చెప్పుకునే ఇటలీల లూనా ఊరి కథ. సీరియల్‌కైతే మంచిగనే కుదిరింది, నాకేం కోపం లేదు.

రాగ్నార్ ఎప్పుడు చూసినా పొలం పొలం అంటడు. దోపిడీ చేసేటోనికి పొలం ఎందుకు?
– రైతు బిడ్డ, వనపర్తి

అసలు ప్రశ్న అడిగినవ్. రాగ్నార్ మొదటి ఎపిసోడ్ నుంచే రైతు, వానికి బంగారం కన్నా వెసెక్స్ మట్టి మీద కన్ను. మన పాలమూరోళ్ళు బతుకుతెరువుకు బొంబాయి, పుణె పోయినట్టే ఈళ్ళూ ఊరు ఇడిచిండ్రు, గాని మనోళ్ళు తట్ట, పార పట్టుకొని పోయిండ్రు, ఈళ్ళు గొడ్డలి పట్టుకొని పోయిండ్రు, పోలిక గక్కడికే. ఎక్‌బర్ట్ మూడో సీజన్ల భూమి ఇస్తడు, జనం దున్నుకుంటుంటే కొడుకును పంపి పసిపిల్లలతో సహా నరికిపిస్తడు, పైకేమో నాకు తెల్వదంటడు. తప్పిచ్చుకున్నోడు ఒక్కడు రాగ్నార్ ఊరు కట్టెగాట్‌కు ఉరికొచ్చి చెప్తే, ముచ్చట బయటికి పొక్కద్దని రాగ్నారే వాణ్ణి చంపేస్తడు. మీ అందరికి రాగ్నార్ హీరో గదా, ఆ సీన్ ఇంకోసారి పెట్టుకొని చూడుండ్రి.

ఉప్సాలా గుడి బలి ఎపిసోడ్ అమ్మ ముంగట పెట్టి తిట్లు తిన్న. నిజంగ మనుషులను బలిచ్చేటోళ్ళా?
– సూర్యాపేట

మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ అది, అమ్మ తిట్టిందంటే న్యాయమే. 1070ల ప్రాంతంల ఆడమ్ ఆఫ్ బ్రెమెన్ అనే క్రైస్తవ పండితుడు రాసిండు, తొమ్మిదేండ్లకొకసారి ప్రతి జాతిల మగవి తొమ్మిదేసి బలిచ్చి చెట్లకు ఏలాడదీస్తరని. ఆయన కండ్లార చూడలే, విన్నది రాసిండు, పైగా ఎదురు మతపాయన, కాబట్టి జర తగ్గించుకొనే చదవాలె. సీరియల్ల బలికి పోవాల్సింది అథెల్‌స్టన్, మనసుల ఏసును ఇడువలేదని పూజారులు పనికిరాడంటరు, రాగ్నార్ మనిషి లేఫ్ తనంత తాను ముంగటికొస్తడు. అక్కడ లేఫ్ మొఖం చూసినంక నాకు అన్నం తినబుద్ధి కాలె.

అక్క లెక్క చూసుకున్న రాగ్నార్ మొదటి పెండ్లాం లాగర్తాను గట్ల చంపుడేంది? అసలు ఆడోళ్ళు యుద్ధాలు చేసిండ్రా?
– ఇంజినీరింగ్ స్టూడెంట్, నల్లగొండ

నీ కోపం సమజైంది చెల్లె. మత్తుల ఏం చేస్తున్నడో తెల్వని రాగ్నార్ కొడుకు హ్విట్‌సెర్క్ చేతుల చచ్చుడు ఏం చావు, ఇంత పెద్ద పాత్రకు. ఆ తర్వాతి ఎపిసోడ్ల అంత్యక్రియలు మాత్రం ఆమెకు తగ్గట్టు చేసిండ్రు, అది ఒప్పుకోవాలె.

లాగర్తా పేరు 1200 ప్రాంతంల సాక్సో గ్రమాటికస్ రాసిన డెన్మార్క్ చరిత్ర పుస్తకంల ఉన్నది, నిజంగ ఉండెనా అంటే చాలమంది చరిత్రకారులు నమ్మరు. స్వీడన్ల బిర్కా ఊర్ల 1878ల తవ్విన సమాధి మాత్రం ఉన్నది, కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు, వందేండ్లకు పైన మొగ యోధుడు అనుకున్నరు, 2017ల డీఎన్ఏ చూస్తే ఆడమనిషి. యుద్ధానికే పోయిందా, ఆయుధాలు ఉత్తగ పెట్టిండ్రా అని ఇంకా కొట్లాడుకుంటున్నరు.

కొమ్ముల టోపీలు ఏవి అన్నా, వైకింగ్ అంటేనే కొమ్ములు గదా?
– దేవరకొండ

లేవు, ఉండెటివి కూడ కాదు. 1876ల జర్మనీల ఒక ఒపెరాకు డ్రెస్సులు కుట్టించినోళ్ళు పెట్టిండ్రు, అవే జనానికి పట్టుకున్నయి. సీరియలోళ్ళు ఆ పని చేయకపోవుడు మంచిదైంది.

'వల్హల్లా' అని ఇంకోటి వచ్చింది, అది చూడొచ్చా?
– కోదాడ

2022ల నెట్‌ఫ్లిక్స్‌ల మొదలైంది, మూడు సీజన్లతోటి అయిపోయింది. కథ వందేండ్లు దాటినంక జరుగుతది, జోస్యం చెప్పే ముసలాయన తప్ప పాతోళ్ళు ఎవ్వరుండరు. కొట్లాటల కోసం చూసేటోనివైతే పెట్టు, దండిగున్నయి. నాలెక్క ముచ్చట్ల కోసమైతే మొదటి సీరియల్ రెండో సీజనే మల్ల చూసుకో.