మొదటి స్కేల్ మోడల్‌కి స్పిట్‌ఫైర్ వద్దు, పస్ మాత్ కట్టండి

రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ మోడల్ విమానం) మీద చెయ్యి కుదిరింది, ఇక రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌కి స్కేల్ మోడల్ (అసలు కొలతలను అదే నిష్పత్తిలో తగ్గించినది) సొంతంగా కట్టాలనుంది, అనంతపురంలో ఉంటూ అది అయ్యే పనేనా అని అడిగారు. అవుతుంది. నేనూ ఈ ఊళ్ళోనే, మిద్దె మీద గదిలో కడుతుంటాను. కానీ మొదటిదానికి స్పిట్‌ఫైర్ వద్దు. దాని రెక్క కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. మోడల్ కాస్త బరువైతే చాలు, దిగేటప్పుడు వేగం తగ్గగానే ఒక కొస ముందే స్టాల్ అయి (అంటే గాలి పట్టు తప్పి) పక్కకు పడిపోతుంది. పైగా చక్రాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. మన చేలల్లో, చెరువు నేలల్లో అది నిలబడదు.

డి హావిలాండ్ కంపెనీ వాళ్ళ పాత చిన్న విమానం పస్ మాత్ కట్టండి. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చింది పస్ మాత్‌లోనే. అక్కణ్ణుంచి ఆ టపాను ఆయన తోటి పైలట్ నెవిల్ వింట్‌సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. అప్పటికి బళ్ళారి కూడా మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే, దత్తమండలాల్లోనే ఉంది. మన పక్కన ఆగిన టపా అది. నాకు ఈ విమానం మీద ఇష్టం అక్కడే మొదలైంది.

ఫోటోలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. 1982లో ఆ ప్రయాణానికి యాభై ఏళ్ళు నిండినప్పుడు జె.ఆర్.డి. మళ్ళీ నడిపింది లెపర్డ్ మాత్‌ని. రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ పస్ మాత్ బాడీ ఉక్కు గొట్టాల చట్రం, లెపర్డ్ మాత్‌ది ప్లైవుడ్. రెక్కల ఆకారంలోనూ తేడా ఉంది. పస్ మాత్ త్రీవ్యూ డ్రాయింగ్ (పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి చూపే బొమ్మ) దొరికాకే పని మొదలుపెట్టండి.

నేను కట్టింది 1/7 స్కేల్. అసలు రెక్కల పొడవు 11.2 మీటర్లు కాబట్టి మోడల్‌కి 160 సెంటీమీటర్లు వస్తుంది. పొడవు ఏడో వంతైతే రెక్క వైశాల్యం 49వ వంతు, బరువు 343వ వంతు అవుతుంది. నిండు లోడుతో అసలు విమానం సుమారు 930 కిలోలు, అంటే లెక్క ప్రకారం మోడల్ 2.7 కిలోల దాకా ఉండొచ్చు. మీరు మాత్రం బ్యాటరీతో కలిపి రెండు కిలోలు దాటనివ్వకండి. పాత విమానం అందమంతా నిదానంగా ఎగరడంలోనే ఉంది. బరువైతే దాన్ని గాలిలో నిలపడానికి వేగంగా తోలాల్సి వస్తుంది, అప్పుడు ఎంత బాగా రంగు వేసినా బొమ్మలాగే కనిపిస్తుంది. 300 వాట్ల బ్రష్‌లెస్ మోటర్, త్రీ సెల్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, పెద్ద ప్రాపెల్లర్ చాలు.

బరువు ఎక్కువగా చేరేది తోకలోనే. తోక దగ్గర పది గ్రాములు పెరిగితే, దాన్ని సరిచేయడానికి ముక్కులో ఇరవై ముప్పై గ్రాములు పెట్టాలి. అందుకే తోకకు మెత్తటి, తేలికైన బాల్సా కర్ర ఏరుకోండి, గట్టి కర్ర రెక్క స్పార్‌కి (రెక్క పొడవునా ఉండే దూలానికి) వాడండి. తోకను కదిలించే సర్వోలు (చిన్న మోటర్లు) వెనక పెట్టకుండా క్యాబిన్‌లో పెట్టి, వాటి కదలికను అందించే పుష్‌రాడ్లు (సన్నటి కడ్డీలు) తోకదాకా తీసుకెళ్ళండి. సీజీ (బరువు సమతూకంగా నిలిచే చోటు) రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు దగ్గర ఉండాలి.

ఎయిలరాన్లు (రెక్కల వెనకంచున కదిలే పలకలు) కిందికి తక్కువగా, పైకి ఎక్కువగా కదిలేలా పెట్టండి. కిందికి దిగిన ఎయిలరాన్ గాలిని ఎక్కువ పట్టి ముక్కును ఎదురువైపుకు లాగుతుంది. ఇలాంటి పొడవాటి రెక్కలకు ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ, కాబట్టి మలుపులో రడ్డర్ (తోకమీద నిలువుగా ఉండే చుక్కాని) వాడడం తప్పనిసరి. ట్రైనర్ మీద రడ్డర్ ముట్టుకోకుండా ఎగరేసే అలవాటుంటే ముందు దాన్ని మానుకోండి.

బాల్సా నేను బెంగళూరు నుంచి తెప్పించుకుంటాను. ప్లాన్ అసలు సైజులో ఫ్లెక్సీ షాపులో ప్రింట్ తీసి ఇస్తారు. ప్లాన్ మీద ఒక స్కేలు గీత ఉంచి, షాపులోనే టేపుతో కొలిచి తీసుకోండి. పుష్‌రాడ్లకు సైకిల్ స్పోకులు బాగా పనికొస్తాయి. పైన అతికించే ఫిల్మ్‌ను ఇస్త్రీపెట్టెతో బిగించవచ్చు గానీ, మన ఎండలకు ముదురు రంగు ఫిల్మ్ వదులైపోతుంది. లేత రంగులు నయం. ఏప్రిల్, మే నెలల్లో మోడల్‌ని గానీ లిపో బ్యాటరీని గానీ మూసిన కారులో వదలకండి.

ఆషాఢం గాలికి దీన్ని బయటికి తీయొద్దు. చలికాలం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు ఎగరేయండి. చెనిక్కాయ పీకేసిన చేను గానీ, ఎండిన చెరువు గానీ చూసుకోండి. సర్కారు తుమ్మ దగ్గరగా ఉంటే వద్దు, ముళ్ళకు రెక్క చిల్లులు పడుతుంది. ఆ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయదగ్గ ప్రాంతంలో) ఉందో లేదో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసి, 400 అడుగుల లోపే ఉంచండి.

మొదటిసారి పైకి పోయాక ఫోటోల కోసం తొందరపడి కిందికి తేకండి. ఎత్తులోనే థ్రాటిల్ (మోటర్ వేగం) మెల్లగా తగ్గించి, ఎక్కడ స్టాల్ అవుతుందో చూసుకోండి. స్ట్రట్లు (రెక్కకు ఊతమిచ్చే కడ్డీలు), చక్రాలు అన్నీ గాలికి అడ్డే కాబట్టి, థ్రాటిల్ ఒక్కసారిగా తీసేస్తే వేగం చటుక్కున పడిపోతుంది. చక్రాలు నేల తాకేదాకా కొంచెం థ్రాటిల్ ఉంచే దింపండి.