చౌకగా వస్తుందని రెండు టికెట్లు విడిగా కొన్నాం.. మొదటి విమానం రద్దయితే రెండో టికెట్ డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్దామని మొత్తం నలుగురికి ఒక ట్రావెల్ యాప్‌లో విమాన టికెట్లు తీశాం. ఇక్కణ్నుంచి వారణాసి దాకా ఒకే టికెట్టుగా చూస్తే ధర ఎక్కువ చూపించింది. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు ఒక సంస్థలో, హైదరాబాద్ నుంచి వారణాసికి మరో సంస్థలో విడివిడిగా తీస్తే మనిషికి పదిహేను వందల దాకా కలిసొచ్చింది. మధ్యలో నాలుగు గంటల వ్యవధి కూడా పెట్టుకున్నాం. తీరా ప్రయాణం రోజు పొద్దున సామాను కారులో పెడుతుంటే, ‘ఆపరేషనల్ కారణాల’ వల్ల మొదటి విమానం రద్దయిందని మెసేజ్ వచ్చింది. మర్నాడు సాయంత్రం విమానంలో పంపుతామన్నారు. మేం వద్దన్నాం. మొదటి టికెట్ ధర మనిషికి 3,200 రూపాయలు, అందులో బేస్ ఫేర్ (పన్నులు, ఫీజులు కలపని అసలు ఛార్జి) 2,200 అని ఉంది. ఆ డబ్బు వాలెట్‌లో క్రెడిట్‌గా ఇస్తాం, ఆర్నెల్లలో వాడుకోండి అంటున్నారు యాప్ వాళ్లు. రెండో టికెట్ ‘నాన్ రిఫండబుల్’, పైగా మీరు రాలేదు కాబట్టి ‘నో షో’, రూపాయి కూడా రాదంటున్నారు. విమాన సంస్థను అడిగితే యాప్‌ను అడగమంటుంది, యాప్ వాళ్లేమో సంస్థను అడగమంటారు. కాశీలో గదికి కట్టిన అడ్వాన్సూ పోయింది. మాకేమైనా వస్తుందా? కేసు వేయాలంటే ఢిల్లీ వెళ్లాలా? టికెట్ షరతుల్లో అలాగే రాసి ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ భయంతోనే చాలామంది మొదట్లోనే ఆగిపోతారు. ఢిల్లీ వెళ్లక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. వివాదాలన్నీ ఫలానా నగరంలోని కోర్టుల్లోనే తేల్చుకోవాలని టికెట్ మీద ఎంత చిన్న అక్షరాల్లో రాసుకున్నా, చట్టం మీకిచ్చిన ఈ హక్కు పోదు.

ఇక డబ్బు సంగతి. మొదటి టికెట్‌ది పూర్తిగా రావాలి, దానిమీద పరిహారమూ రావాలి. రెండో టికెట్‌లో కొంత భాగం ఖాయంగా వస్తుంది. మిగిలిన భాగం, గది అడ్వాన్సు మాత్రం వాదించి తెచ్చుకోవాల్సినవి. మూడింటికీ ఆధారాలు వేరు కాబట్టి విడివిడిగా చూద్దాం.

విమానం రద్దు, ఆలస్యం, టికెట్ ఉన్నా ఎక్కనివ్వకపోవడం వంటి వాటి మీద పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2010లో ఒక నిబంధన తెచ్చింది. దాన్ని ‘సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్, సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4’ అంటారు. తర్వాత కొన్ని సవరణలు జరిగాయి. ఈ పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి, మీరు రాసే ప్రతి మెయిల్లోనూ పనికొస్తుంది. రద్దు సంగతి బయల్దేరే సమయానికి కనీసం 24 గంటల ముందైనా చెబితే, ప్రయాణికుడికి సమ్మతమైన వేరే విమానమో, రిఫండో ఇస్తే సంస్థ బాధ్యత తీరిపోతుంది. మీకు చెప్పింది ప్రయాణం రోజు పొద్దున. అలాంటప్పుడు మీకు సమ్మతమైన వేరే విమానం చూపాలి, లేదా టికెట్ డబ్బు పూర్తిగా వాపసిచ్చి పైన పరిహారం కట్టాలి. ‘సమ్మతమైన’ అన్న మాట నిబంధనలోనే ఉంది. మర్నాడు సాయంత్రం విమానం మీకు పనికిరాదని చెప్పారు, అది మీ హక్కు.

పరిహారం ఎంతన్నది ప్రయాణ సమయాన్ని బట్టి ఉంటుంది. గంట లోపు ప్రయాణమైతే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల లోపైతే 7,500, రెండు గంటలు దాటితే 10,000. ఈ అంకెలు చూసి నలుగురికీ కలిపి 30 వేలు వస్తాయని లెక్కేసుకునేవారే ఎక్కువ. కానీ పక్కనే ఇంకో మాట ఉంది: ఈ మొత్తం లేదా ఒకవైపు బేస్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జి కలిపిన మొత్తం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. మీ బేస్ ఫేర్ 2,200. కాబట్టి ఫ్యూయల్ ఛార్జి విడిగా వేసి ఉంటే దాన్ని కలుపుకొని, మనిషికి దాదాపు అంతే వస్తుంది. అంటే టికెట్ ఎంత చౌకగా కొంటే, రద్దయినప్పుడు ఈ నిబంధన కింద వచ్చే పరిహారం అంత తక్కువ. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. చౌక టికెట్ కొన్నవాడి రోజు కూడా మిగతావారి రోజులాగే పాడవుతుంది కదా. అయితే ఇది డీజీసీఏ పెట్టిన పరిమితి మాత్రమే. వినియోగదారుల కమిషన్ ఇంతకంటే ఎక్కువ ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఇతర చట్టాల్లో ఉన్న పరిహారాలకు తోడుగానే వినియోగదారుల రక్షణ చట్టం ఉంటుందని అందులోని సెక్షన్ 100 చెబుతోంది.

‘ఆపరేషనల్ కారణాలు’ అన్న మాటను వదిలిపెట్టకండి. సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితి వల్ల రద్దయితే పరిహారం కట్టక్కర్లేదు. వరదలు, అల్లర్లు, సమ్మె, ప్రభుత్వ ఆదేశం, ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) ఆంక్షలు, ప్రతికూల వాతావరణం లాంటివి అందులోకి వస్తాయి. ఆపరేషనల్ అన్నది వీటిలో దేన్నీ చెప్పని మాట. సిబ్బంది చాలకపోవడమూ ఆపరేషనలే, ప్రయాణికులు నిండక రెండు విమానాలను ఒకటి చేయడమూ ఆపరేషనలే. అసలు కారణం రాతపూర్వకంగా అడగండి. నిజంగా పొగమంచే కారణమైతే మీ కేసు బలహీనపడుతుందని ముందే చెబుతున్నాను. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఒక ప్రయాణికుడు పొగమంచు వల్ల గంటల తరబడి విమానంలోనే కూర్చోవాల్సి వచ్చింది. హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్ అతనికి పరిహారం ఇచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ (ఇండిగో విమానాలు నడిపే సంస్థ) కేసులో 2011లో సుప్రీంకోర్టు, పొగమంచు వల్ల జరిగిన ఆలస్యానికి పరిహారం రాదంది. ఆ సమయంలో కూడా తిండి, నీళ్లు వంటి కనీస సదుపాయాలు చూడాల్సిన బాధ్యత మాత్రం సంస్థదేనంది. హైదరాబాద్‌లో విచారణ జరపొచ్చని కూడా అదే తీర్పు తేల్చింది.

వాలెట్ క్రెడిట్ మాట ఒప్పుకోకండి. రిఫండ్ల మీద డీజీసీఏది వేరే నిబంధన ఉంది, అదే సిరీస్‌లో పార్ట్ 2. డబ్బును క్రెడిట్‌గా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమని, సంస్థ తనంత తాను అలా చేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కు కూడా రిఫండ్ బాధ్యత విమాన సంస్థదేనని, ఏజెంట్లు సంస్థ నియమించుకున్న ప్రతినిధులేనని అదే నిబంధన చెబుతోంది. ‘యాప్‌ను అడగండి’ అన్న జవాబుకు ఈ ఒక్క వాక్యం చాలు. లాక్‌డౌన్ టికెట్ల గొడవలో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ, ఏజెంటు ద్వారా కొన్న టికెట్ల డబ్బు విమాన సంస్థ ఇవ్వాలని, ఏజెంటు దాన్ని వెంటనే ప్రయాణికుడికి చేర్చాలని ఉంది. మీరు క్రెడిట్‌ను ఇప్పటికే వాడి ఉంటే మాత్రం ఒప్పుకున్నట్టు వాదిస్తారు, అందుకే దాన్ని ముట్టుకోవద్దు.

ఇక మీరు ఎక్కువగా బాధపడుతున్న రెండో టికెట్. నాన్ రిఫండబుల్ అన్నది బేస్ ఫేర్‌కు, ఫ్యూయల్ ఛార్జికి వర్తించే మాట. ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయంలో వేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, ప్యాసింజర్ సర్వీస్ ఫీజు వంటివి మీరు ప్రయాణించకపోతే వాపసు ఇవ్వాల్సిందే. ప్రత్యేక ఆఫర్ టికెట్ అయినా, నో షో అయినా ఇవ్వాలి. పార్ట్ 2లోనే ఉంది ఈ సంగతి. ఈ-టికెట్ తెరిచి ‘ఫేర్ బ్రేకప్’ చూడండి. బేస్ ఫేర్ కింద నాలుగైదు వరసలు ఉంటాయి. ఒక్కొక్కటి వందల్లోనే కనిపించినా నలుగురికీ కలిపితే చిన్న మొత్తం కాదు. అడగనివారికి ఈ డబ్బు తిరిగి రావడం నేను అరుదుగానే చూశాను. ఇది రెండో సంస్థను అడగాలి. ఆ సంస్థ తప్పేమీ లేదు కాబట్టి వాళ్ల నుంచి రావాల్సింది ఇంతే.

మిగిలిన బేస్ ఫేర్, గది అడ్వాన్సు మొదటి సంస్థ నుంచి నష్టంగా అడగాలి. ఇక్కడే మీరు విడిగా కొన్న ఫలితం కనిపిస్తుంది. కనెక్టింగ్ విమానం తప్పిపోయినవారికి పార్ట్ 4 రక్షణ ఇస్తుంది, కానీ అది అదే సంస్థలో, అదే టికెట్ నంబరు మీద ఉంటేనే. మీవి రెండు వేర్వేరు ఒప్పందాలు. కాబట్టి ఈ నిబంధన వదిలి వినియోగదారుల చట్టంలోని సేవా లోపం కిందకు వెళ్లాలి. అందుకు మీకు ఒక మంచి తీర్పు ఉంది. అజ్మీర్ నుంచి జమ్మూ వెళ్లే రైలు ఉదయం 8.10కి చేరాల్సింది మధ్యాహ్నం 12కి చేరింది. అదే 12 గంటలకు ఉన్న శ్రీనగర్ విమానం ఆ కుటుంబానికి తప్పిపోయింది. టాక్సీకి 15,000, బుకింగ్ ఖర్చుల కింద 10,000, మనోవేదనకు, కోర్టు ఖర్చులకు మరికొంత రైల్వే చెల్లించాలన్న తీర్పును 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. రైలు టికెట్, విమానం టికెట్ అక్కడా వేర్వేరే. ఆలస్యానికి కారణం తమ చేతిలో లేదని రైల్వే రుజువు చేయలేకపోయింది, అదే తీర్పుకు ఆధారం. వాళ్ల దగ్గర దాదాపు నాలుగు గంటల వ్యవధి ఉంది, మీ దగ్గరా అంతే ఉంది. ఇదే మీ కేసుకు బలం. గంట వ్యవధే పెట్టుకుని ఉంటే, మీ అజాగ్రత్త అంటే నా దగ్గర కూడా గట్టి జవాబు ఉండేది కాదు. అయినా అది రైలు కేసు. విమాన సంస్థ తరఫు వకీలు తప్పకుండా అభ్యంతరం చెబుతారు. గెలుపు ఖాయమని చెప్పను, వాదన గట్టిదని చెబుతాను.

ఇప్పుడు చేయాల్సింది. మొదటి సంస్థ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టండి, యాప్‌కు కాపీ పెట్టండి. పెద్ద కథ రాయక్కర్లేదు, ఇలా రాస్తే చాలు: ‘ఫలానా పీఎన్ఆర్ మీద ఫలానా తేదీ విమానం రద్దయిన సమాచారం మాకు 24 గంటల ముందు అందలేదు. మీరు చూపిన మర్నాటి విమానం మాకు సమ్మతం కాదు. పూర్తి రిఫండ్, పార్ట్ 4 ప్రకారం పరిహారం మేం డబ్బు కట్టిన ఖాతాకే పంపండి. వాలెట్ క్రెడిట్‌కు మేం ఒప్పుకోవడం లేదు. రద్దుకు కచ్చితమైన కారణం రాతపూర్వకంగా తెలపండి.’ యాప్‌కు 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. తర్వాత కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పండి. చాలా ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సొమ్ము చెల్లించిన వ్యవహారమైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మొదటి సంస్థను, యాప్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే అక్కడ కూడా ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. మనోవేదన కింద లక్షలు అడగొద్దు. రసీదు ఉన్న ప్రతి రూపాయీ అడగండి, కన్వీనియెన్స్ ఫీజుతో సహా.

మళ్లీ టికెట్ తీసేటప్పుడు యాప్‌లో మొదట కనిపించే ధరను నమ్మకండి. ధరలు పోల్చుకోవడానికి యాప్ వాడండి. డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్లి, అదే విమానం సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఎంతుందో చూడండి. కన్వీనియెన్స్ ఫీజు, మీరు అడగకుండానే టిక్ పెట్టి ఉన్న ఇన్సూరెన్సు, సీటు ఎంపిక రుసుము కలిసేసరికి యాప్‌లో కనిపించిన లాభం తరచూ మాయమైపోతుంది. ముందే టిక్ పెట్టి ఉంచడం ఈ-కామర్స్ నియమాలకు విరుద్ధం. ఇలా బుట్టలోకి జొప్పించడాన్ని 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్ (వినియోగదారుణ్ని మభ్యపెట్టే వెబ్‌సైట్, యాప్ ఎత్తులు) మార్గదర్శకాలు కూడా నిషేధించాయి. చెక్-ఇన్ బ్యాగు లేని ఫేర్లు అమ్మడానికి 2021 నుంచి అనుమతి ఉంది, కాబట్టి అతి తక్కువ ధర కనిపిస్తే బ్యాగు ఉందో లేదో చూడండి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు కాస్త ఎక్కువైనా ఒకే పీఎన్ఆర్ తీసుకోండి. మొదటిది తప్పితే రెండోదాన్ని సర్దే బాధ్యత అప్పుడు సంస్థ మీద పడుతుంది. విడిగా తీయక తప్పకపోతే, మొదటి విమానం ముందురోజుదైతే మేలు.

యాప్‌లో టికెట్ తీసిన వెంటనే విమాన సంస్థ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి, అక్కడ మీ మొబైల్ నంబరే ఉందో లేదో చూడండి. కొందరు ఏజెంట్లు తమ నంబరు, తమ మెయిల్ ఇచ్చేస్తారు. రద్దు సమాచారం అటు పోతుంది. సరైన నంబరు ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం రాదని పార్ట్ 4లోనే ఉంది. మీ విషయంలో మెసేజ్ మీ ఫోన్‌కే వచ్చింది కాబట్టి ఆ సాకు వాళ్లకు లేదు. ఆ మెసేజ్ వచ్చిన సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ ఈరోజే తీసి పెట్టుకోండి. కేసు వేయడానికి విమానం రద్దయిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది.