ప్రీమియం పెట్రోలు కొట్టిస్తే మైలేజీ పెరుగుతుందా?

మీరు హన్మకొండ నుంచి రోజూ కరీంనగర్ వెళ్లొస్తారు, కారు 2016 మోడల్, బంకులో కుర్రాడు ప్రీమియం కొట్టించమంటున్నాడు, మంచిదేనా అని అడిగారు.

ముందు పెట్రోలు మూత దాచే తలుపు తీసి లోపలి స్టిక్కర్ చూడండి, లేదా కారుతో ఇచ్చిన పుస్తకం తిరగేయండి. అందులో ఆక్టేన్ 91 అని ఉంటే మామూలు పెట్రోలే చాలు. ఆక్టేన్ అంటే బలం కాదు. సిలిండర్‌లో ఒత్తిడికి పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం. ఒత్తిడి ఎక్కువుండే టర్బో ఇంజన్లలో కొన్నింటికి 95 కావాలి. మామూలు ఇంజన్‌కు ఆక్టేన్ ఎక్కువుండే ప్రీమియం పోస్తే డబ్బులు దండగ, మైలేజీ ఏమీ పెరగదు. ఎండాకాలం నిండా మనుషులతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ గులకరాళ్లు కదిపినట్టు కటకటలాడితే మాత్రం ఒక ట్యాంకు అలాంటి ప్రీమియం పోసి చూడండి. చప్పుడు తగ్గకపోతే మెకానిక్ దగ్గరికే.

మీ కారు విషయంలో నాకు ఆక్టేన్ కన్నా, పెట్రోల్లో కలిపే ఆల్కహాల్ అయిన ఇథనాలే ముఖ్యం అనిపిస్తోంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. దానికి తగిన భాగాలతో చాలా కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచే. ఇథనాల్‌లో శక్తి తక్కువ, అందుకే మైలేజీ కాస్త పడిపోతుంది. మీ కారు అంతకు ముందుది కాబట్టి ఈసారి సర్వీసింగ్‌లో పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు తప్పకుండా చూపించండి. పెట్రోలు వాసన వస్తే అప్పటిదాకా ఆగొద్దు.