కొత్త కప్ప పోయింది, పాతదాన్ని కాపాడుకోవడం ఎలా?

కొత్తగా తెచ్చిన చెట్టుకప్ప చర్మం పొరలుగా ఊడి, పగలంతా నీటి గిన్నెలోనే చతికిలబడి చనిపోయిందన్నారు; అదే తొట్టిలోని పాత కప్ప సంగతేమిటని అడిగారు. మీరు చెప్పిన లక్షణాలు కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ అనే ఫంగస్‌ను తలపిస్తున్నాయి, పరీక్ష చేయిస్తేగానీ తేలదు. కప్ప నీటిని, లవణాలను చర్మంతోనే పీల్చుకుంటుంది. ఫంగస్ ఆ చర్మాన్ని పాడుచేస్తే ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి చివరకు గుండె ఆగుతుంది. అదే అయితే మీరు పెట్టిన తిండి దోషమేమీ కాదు.

పాతదాన్ని ఈరోజే వేరే డబ్బాలోకి, తడి టిష్యూ పేపర్ మీదకు మార్చండి. పశువైద్యుడు దూదిపుల్లతో చర్మం తుడిచి ఫంగస్ డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్షకు పంపుతారు. ఫంగస్ ఉందని తేలితే ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు ద్రావణంలో స్నానాలు చేయించాలి; మోతాదు ఆయనే చెప్పాలి, సొంత వైద్యం వద్దు. పాత మట్టి, మొక్కలు మూటగట్టి చెత్తలో వేయండి. తొట్టిని బ్లీచ్‌తో కడిగి, బాగా నీళ్లు పోసి, పూర్తిగా ఆరనివ్వండి. పాత నీటిని మాత్రం పెరట్లో పారబోయకండి, బయటి కప్పలకు అంటుకుంటుంది.