పాత చిత్రకారుడి ఇల్లు స్కాన్ చేయాలంటే ఏ కెమెరా కొనాలి?

అడిగినవారిది హుజూరాబాద్ దగ్గరి పల్లె. ఊళ్లో ఒక ముసలి చిత్రకారుడి పెంకుటిల్లు వచ్చే ఎండాకాలంలో కూలుస్తారట. ఆలోపు స్కాన్ చేసి వర్చువల్ టూర్ పెడదామనుకుంటున్నారు, 50 వేల లోపు ఏ కెమెరా మంచిదని ప్రశ్న.

కెమెరా సంగతి తర్వాత. ముందు ఇవాళే ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా చీపురు కూడా పట్టొద్దని చెప్పండి. సున్నం మాట అసలే ఎత్తొద్దని చెప్పండి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే మా ఇంట్లో జరిగింది కాబట్టి.

మా బాపు, అంటే మా నాన్న, సినిమా బ్యానర్ ఆర్టిస్టు. వరంగల్ మట్టెవాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు, అదే ఆయన స్టూడియో. ఆయన్ను చరిత్రకెక్కిన చిత్రకారుడు అంటే ముందు ఆయనే నవ్వుతాడు. కానీ ఇరవై ఐదేళ్లు ఈ ఊళ్లో జనం ఏ సినిమాకు పోవాలో ఆయన వేసిన ముఖాలు చూసి నిర్ణయించుకున్నారు. ముఖాలు బాపు వేసేవాడు. అక్షరాలు ఆయన తమ్ముడు, మా చిన్నబాపు రాసేవాడు. బట్టలు, కొండలు, మంటలు పని నేర్చుకునే పిల్లలు నింపేవాళ్లు. స్టిల్ ఫొటో మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గుడ్డ మీద అవే గళ్లు పెద్దగా కొట్టి, రాత్రంతా కూర్చుంటే పొద్దున్నే రిక్షాలో థియేటర్‌కు పోయేది. సినిమా దిగిపోయాక గుడ్డ వెనక్కి వచ్చేది, దాని మీదే కొత్త బొమ్మ. అందుకే బాపు వేసిన ఒక్క బ్యానర్ కూడా ఇవాళ మా దగ్గర లేదు. ఫ్లెక్సీలు వచ్చాక నంబర్ ప్లేట్లు, బడి గోడలు, ఎలక్షన్ రాతలు. ఇప్పుడు 76 ఏళ్లు, చెయ్యి వణుకుతుంది.

బ్యానర్లు లేవు సరే, గోడ ఉండేది. బాపు ఒక రంగు అయిపోయి ఇంకో రంగు ముట్టే ముందు బ్రష్‌ను గుడ్డకు తుడిచేవాడు కాదు, ఎడమ పక్క గోడకు తుడిచేవాడు. ఏళ్ల తరబడి అలా తుడిచి తుడిచి గోడ మీద రంగు వేలు మందాన పేరుకుంది. విలన్ కళ్ల ఎరుపు, హీరోయిన్ చీర పచ్చ, పేరు రాసే పసుపు, అన్నీ ఒకదాని మీద ఒకటి. దాని పక్కనే థియేటర్ మేనేజర్ల ఐదంకెల ఫోన్ నంబర్లు, చాయ్ బాకీలు, మూలన నా ఎత్తు గీతలు. వేరే డైరీ ఎందుకు, గోడే డైరీ.

చిన్నబాపు పోయాక పంపకాల్లో ఆ షెడ్డు స్థలం వాళ్ల పాలుకు వచ్చింది. చిన్నబాపు కొడుకు, నా తమ్ముడు ఇల్లు కట్టుకోవాలి, న్యాయమే. సంక్రాంతి తర్వాత కూలుద్దామన్నాడు. మా బిడ్డ ఇంజనీరింగ్ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చి, "తాత షెడ్డు స్కాన్ చేస్తా, ప్రపంచంలో ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు" అంది. ఆ మాట మా అమ్మ చెవిన పడింది.

శనివారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి షెడ్డు తెల్లగా మెరుస్తోంది. అమ్మ మనిషిని పిలిపించి మొత్తం సున్నం వేయించింది. డబ్బాలు కడిగించి వరుసగా పేర్పించింది. విరిగిన స్టూలు బయట పారేయించింది. "లోకమంత జూస్తదంటివి. గోడ గట్లుంటే నవ్వరా?" అంది. ఆమెను ఏమనాలి? ఎలాగూ బతుకమ్మ నాటికి ఇల్లు సున్నం వేసుకునేదే. అన్నిటికంటే విచిత్రం బాపుది. ఆపలేదు సరికదా, సున్నంలో నీలిమందు ఎక్కువైందని ఆయనే కలిపే పాళ్లు సరిచేసి ఇచ్చాడట. ఆయన దృష్టిలో అది బ్రష్ తుడిచిన గోడ, అంతే. ముఖం వేసినవాడికి తుడుపు గోడ మీద మమకారం ఎందుకుంటుంది? ఆ మమకారమంతా కింద కూర్చొని చూసిన మాలాంటివాళ్లది.

ఆదివారం పొద్దున బిడ్డ స్కాన్ మొదలుపెట్టింది. ఫోన్ పట్టుకొని అడుగడుక్కీ ఒక ఫొటో, మొత్తం 180. సాయంత్రం లాప్‌టాప్‌లో చూస్తే సామాన్లున్న మూడు గోడలు వచ్చాయి, ఎడమ గోడ ఉండాల్సిన చోట పెద్ద బొక్క. ఎందుకంటే ఈ పద్ధతిలో లాప్‌టాప్ ఒక గుర్తును పట్టుకుంటుంది, అదే గుర్తు పక్క ఫొటోలో ఎక్కడుందో వెతుకుతుంది, రెండింటి తేడాను బట్టి దూరం లెక్కగడుతుంది. మచ్చ, గీత, పెచ్చు, ఏదో ఒకటి ఉండాలి. తెల్లగా సున్నం కొట్టిన గోడలో పట్టుకోవడానికి ఏముంటుంది? వేలు మందాన మచ్చలున్న గోడ, స్కానర్‌కు అంతకంటే పండగ ఉండదు, దాన్నే మేం తుడిచిపెట్టాం. పైగా బాపు మధ్యమధ్యలో లేచి డబ్బాలు సర్దాడు. స్కాన్‌లో ఆయన ఒక చోట సగం కరిగిపోయి, ఇంకో చోట మూడు తలలతో కనిపించాడు. "ఏంది బిడ్డా, నన్ను రావణాసురుణ్ణి జేసినవ్?" అన్నాడు. దసరా రోజులే కదా.

ఆ రాత్రి బిడ్డే ఈ సంగతి చూపించింది. లండన్‌లో ఫ్రాన్సిస్ బేకన్ అనే చిత్రకారుడు రీస్ మ్యూస్ అనే సందులో 1961 నుంచి 1992లో చనిపోయేదాకా ఒకే చిన్న స్టూడియోలో పని చేశాడు. ఆయనా మా బాపు బాపతే, రంగులు గోడలకూ తలుపుకూ పూసి చూసుకునేవాడు. 1998లో ఆ గదిని డబ్లిన్‌లోని హ్యూ లేన్ గ్యాలరీకి ఇచ్చేశారు. వాళ్లు తవ్వకాలు చేసే పురావస్తు నిపుణులను పిలిచి, ఏ వస్తువు ఎక్కడ పడి ఉందో కొలిచి గీయించి, 7,000కు పైగా వస్తువులకు లెక్క రాసి, గోడలు, తలుపులు, నేల, కప్పు ఊడదీసి, ఆఖరికి దుమ్ముతో సహా డబ్లిన్‌కు మోసుకుపోయారు. 2001 నుంచి జనానికి చూపిస్తున్నారు. దుమ్ము! మా అమ్మకు చెప్తే "వాళ్లింట్ల ఆడోళ్లు లేరా?" అంది.

ఇక్కడ కొంచెం నా కడుపు మంట. మన దగ్గర వారసత్వ సంపద అనగానే డ్రోన్ ఎగరేస్తారు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక నాకు ఎన్ని డ్రోన్ వీడియోలు వచ్చాయో లెక్క లేదు. అన్నింట్లో వేణువు మ్యూజిక్ ఒకటే. నీళ్ల మీద తేలే ఇటుకలు వాడిన గుడిని ఆకాశం నుంచి చూపిస్తే ఏం తెలుస్తుంది? వర్చువల్ టూర్లు కూడా అంతే. నాలుగు గుండ్రటి ఫొటోలు అతికించి, బాణం గుర్తు నొక్కితే తల తిరిగేటట్టు చేసి, చిత్రకారుడు వాడిన కుర్చీ అని రాస్తారు. కుర్చీ అని మాకూ తెలుసు. దాని కాళ్లు ఎందుకు కోసి పొట్టి చేశాడో అది చెప్పాలి కదా.

రాతి కట్టడాల సంగతి వేరు, వాటికి రెండో జన్మ ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్లకు నంబర్లు వేసి విప్పారు, ఏళ్ల తరబడి పట్టింది కానీ 2024లో మళ్లీ నిలబడింది. తుడుపు గోడను అలా నిలబెట్టలేరు.

ఇంకో మాట, మనిషి ఉన్నప్పుడే స్కాన్ చేయాలి. చేర్యాల నకాషీ పటాలు, అంటే కులకథలు గీసిన పొడుగాటి గుడ్డ చుట్టలు, వాటిని వేసేవాళ్ల ఇళ్లు తీసుకోండి. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా చేర్యాల మన వరంగల్ జిల్లాయే. చింతగింజల అంబలి, తెల్ల సుద్ద, బంక కలిపి గుడ్డకు పూత మీద పూత పూసి ఆరబెడతారు. దాని మీద వెనక అంతా ఎర్ర రంగు వేసి కథ గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌండ్లవాళ్లకు గౌడ పురాణం, ఇలా ఏ కులానికి ఆ కథ. పాత పటాలు గదిలో పరిస్తే పట్టవు, ఒక పక్క చుట్టుకుంటూ ఇంకో పక్క విప్పుకుంటూ గీయాలి. ఆ ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు స్కాన్ చేశారనుకోండి, నాలుగు గోడలు, ఒక పొయ్యి వస్తాయి. పొయ్యి వంటకో, అంబలికో ఎవరికి తెలుసు? మనిషి కూర్చొని ఉంటే చెయ్యి ఎంత దూరం చాస్తే ఏ రంగు చిప్ప అందుతుందో తెలుస్తుంది. నా లెక్కలో స్కాన్‌లో దాచుకోవాల్సింది ఆ చేతి దూరమే.

సరే, కెమెరా. 50 వేలు పెట్టొద్దు. మూడేళ్ల పాతదైనా మంచి ఫోన్ చాలు. లైడార్ (కాంతితో దూరం కొలిచే సెన్సర్) ఉన్న ఐఫోన్ దొరికితే అడిగి తెచ్చుకోండి, కానీ అది ఐదు మీటర్ల దాకే పట్టుకుంటుంది, పైకప్పు దూలాల దగ్గర తడబడుతుంది. మబ్బు పట్టిన రోజు పొద్దున తలుపులు తెరిచి తీయండి. ట్యూబ్ లైట్ ఆపేయండి. ప్రతి ఫొటోలో ముందు ఫొటోలో ఉన్నది మూడింట రెండొంతులు మళ్లీ కనిపించాలి. అద్దం ఉంటే దుప్పటి కప్పండి, లేకపోతే గోడ అవతల ఇంకో గది పుడుతుంది. ఇంటి మనిషిని పని చేస్తుండగా వీడియో వేరుగా తీసుకోండి, స్కాన్ తీసేటప్పుడు మాత్రం కదలొద్దని బతిమాలుకోండి. గదిలో ఒక టేపు సాగదీసి పెట్టండి, కొలత లేని స్కాన్ బొమ్మరిల్లు అయిపోతుంది. మిగిలిన డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని అసలు ఫొటోలన్నీ రెండింట్లో పెట్టి, రెండు వేరు వేరు ఇళ్లలో దాచండి. మేం మొదటి స్కాన్ ఒక కంపెనీ సైట్‌లో పెట్టాం, నెల చందా కట్టడం మరిచిపోయాను, లింకు పోయింది.

మా గోడ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. ఎనామిల్ పెయింట్ మీద సున్నం నిలవదని పెయింటర్ కొడుకునై ఉండి నాకు తట్టలేదు. చలికాలం వచ్చేసరికి పెచ్చులు పెచ్చులుగా లేచింది. సంక్రాంతికి వచ్చిన బిడ్డ చూసి ఎగిరి గంతేసింది. అమెరికాలో జాక్సన్ పొలాక్ అనే చిత్రకారుడి స్టూడియో నేల కూడా ఇలాగే దక్కిందట. 1953లో నేల మీద చెక్క అట్టలు పరిచేశారు. ఆయనా పోయి, ఆయన భార్య లీ క్రాస్నర్ కూడా పోయాక అట్టలు ఎత్తితే కింద ఆయన చల్లిన రంగులన్నీ అలాగే ఉన్నాయి. ఇప్పుడు చూసేవాళ్లు మెత్తటి చెప్పులు తొడుక్కొని దాని మీద నడుస్తారు. ఆయన తర్వాత ఆ స్టూడియో వాడుకున్న క్రాస్నర్ రంగులేమో గోడల మీద ఉన్నాయట.

బిడ్డ కాలేజీ ఐడీ కార్డుతో, తడి స్పాంజితో నాలుగు రోజులు గోకింది. గోడ మొత్తం రాలేదు, రెండు మూరల వెడల్పు తేలింది. నా ఎత్తు గీతలు సున్నంతోపాటే పోయాయి, అవి బొగ్గువి. ఆ రెండు మూరలకే 310 ఫొటోలు తీసింది. లాప్‌టాప్‌లో తయారయ్యాక బాపును పిలిచి కూర్చోబెట్టి, పక్కన ఫోన్‌లో రికార్డింగ్ పెట్టింది. బాపు కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూశాడు. దగ్గరికి జరపమన్నాడు. ఇంకా దగ్గరికి.

"ఇది నాది గాదు" అన్నాడు.

"మరి?"

"మీ చిన్నతాతది. నేను మీదికెల్లి కిందికి తుడుస్త. వాడు ఎడమ చెయ్యోడు, అడ్డం తుడిచెటోడు. ఇగో, ఇది వానిది. గా పసుపు జూడు, అక్షరాల పసుపు. ఇది గూడ వానిదే."

అలా ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. 11 నిమిషాల రికార్డింగ్ ఉంది. మేమందరం అది బాపు గోడ అనుకున్నాం, సగానికి సగం చిన్నబాపుది.

కూల్చే ముందు రోజు తమ్ముడు ఆ ఫైల్ తనకూ పంపమన్నాడు. నాలుగు జీబీలుంది, వాట్సాప్‌లో పోలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని నేనే పోయి ఇచ్చి వచ్చాను.