ఇద్దరబ్బాయిల ప్రేమ నవలలో అమ్మ జబ్బు ఎలా రాయాలి?
హైదరాబాద్‌లో జరిగే నవల, ఒకబ్బాయి అమ్మకి డయాలసిస్, మరి అతని ప్రియుడికి ఆ కథలో చోటెక్కడ అని అడిగారు కదా. ఆసుపత్రి వరండాలో. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, అంతసేపూ పంజాగుట్ట నిమ్స్‌లో టీ ఫ్లాస్కు పట్టుకుని కూర్చునే కుర్రాణ్ణి ఆవిడ మొదట్లో "మావాడి ఫ్రెండు" అంటుంది, కొన్నాళ్లకి "తిన్నావా నాన్నా" అంటుంది. నాకైతే ప్రేమకథంతా ఆ మార్పులోనే ఉంది.

చట్టం ఎక్కువ వద్దు. 2018లో సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదంది, 2023లో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. ఇక ఆ ప్రియుడు అమ్మకి కిడ్నీ ఇస్తానన్నా, అవయవ మార్పిడి చట్టం లెక్కలో దగ్గరి బంధువు కాడు, దానికి అధికారిక కమిటీ అనుమతి కావాలి. ఇంకొకటి, వాళ్లని కలపడానికి అమ్మని చంపకండి, ప్లీజ్.