మావగారి కారు, మీవారి మౌనం

ఒడిశాలోని బరంపురం నుంచి ఒక కోడలు రాశారు: “మావగారికి 68 ఏళ్లు. కారు మావారి పేరున ఉంది, నడిపేది ఎక్కువగా మావగారే. నాలుగు నెలల్లో మూడుసార్లు తగిలించారు. రెండుసార్లు మా గేటుకి, ఒకసారి పెద్ద బజారు సందులో ఎవరిదో స్కూటరుకి. స్కూటరాయన చేతిలో రెండు వేలు పెట్టి పంపేశాం. రాత్రిపూట ఎదురు లైట్లు కళ్లల్లో పడుతున్నాయంటారు. పాపని బడికి దింపేదీ ఆయనే. మావారు వాళ్ల నాన్నగారి ముందు నోరెత్తరు. ఇన్సూరెన్సు కంపెనీకి పేరు లేకుండా ఉత్తరం రాస్తే పాలసీ ఆపేస్తారా? అప్పుడైనా కారు ముట్టుకోరు కదా?”

రాయకండమ్మా. రాసినా పని జరగదు. మన దగ్గర కారు బీమా లెక్కంతా బండి మీదే నడుస్తుంది: ఇంజను సీసీ ఎంత, బండి వయసెంత, విలువెంత అని. ఆకాశరామన్న ఉత్తరం చూసి ఏ కంపెనీ పాలసీ రద్దు చేయదు. పోనీ చేసిందే అనుకోండి. పాలసీ లేదని కారు ఆగుతుందా? పెట్రోలు పోస్తే కదులుతుంది. రేపు ఎవరి కాలో విరిగితే పరిహారం మొత్తం మీ ఇంటి మీద పడుతుంది.

ఇక అసలు సంగతి. ఉత్తరమంతా మావగారి గురించి రాశారు, మీవారి గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు ఆ ముక్క దగ్గరే ఆగిపోవాలనిపించింది. కారు మీవారిది. ఆర్సీ మీద ఉన్నది ఆయన పేరు. తండ్రితో ఒక్కమాట అనలేని కొడుకు, ఆ పని భార్య చేత ఆకాశరామన్న ఉత్తరంగా రాయించే పరిస్థితి తెచ్చాడు. దాన్ని నేను పితృభక్తి అనను.

ఆయన చేత మొదట చేయించాల్సింది మావగారి లైసెన్సు తీసి తేదీ చూడటం. ఈ వయసులో అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటి ఏడాది అయిపోతే మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాల్సిందే. చెల్లని లైసెన్సుతో ప్రమాదం జరిగితే మీ కారు రిపేరుకి కంపెనీ పైసా ఇవ్వదు. దెబ్బతిన్నవాళ్లకి ముందు తానే కట్టినా, ఆ డబ్బు తర్వాత యజమాని దగ్గర, అంటే మీవారి దగ్గర, వసూలు చేసుకోవచ్చు. లైసెన్సు లేనివాళ్లకి బండి ఇచ్చినందుకు యజమానికి 5,000 జరిమానా వేరే. ఇది మీవారికి చెప్పండి, నోరు దానంతటదే లేస్తుంది.

తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి గీతలు చూడమనండి. అన్నీ ఎడమ ముందు మూలనే ఉంటే ఆ వైపు అంచనా, బహుశా ఆ కంటి చూపు, తగ్గుతోందని అనుమానించాలి. వెనక బంపరుకే ఉంటే మెడ తిరగడం లేదేమో. బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కిన సంఘటన ఒక్కటున్నా ఇక పరీక్షలూ మాటలూ ఏమీ వద్దు, తాళం ఆ రోజే తీసుకోవాలి. షుగరుంటే అరికాళ్ల తిమ్మిరి గురించి అడగండి. తిమ్మిరి ఉంటే పెడల్‌ని కాలు ఎంత బలంగా తొక్కుతోందో తెలియదు.

రెన్యువల్‌కి డాక్టరు నింపే ఫారం 1ఏ లో ఒక ప్రశ్న ఉంటుంది: పట్టపగలు 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు చదవగలరా అని. ఇంటి ముందే చూడొచ్చు. పెద్దవాళ్ల అడుగులతో ముప్పై అయిదు అడుగులు కొలవండి. మీ కారు పెట్టకండి, ఆ ఓడీ 07 నంబరు ఆయనకి కంఠతా వచ్చు. పక్కింటి కారు పెట్టి ఒక్కో కన్నూ మూసి చదవమనండి. ఎదురు లైట్లు కళ్లల్లో పగిలినట్టుండటం చాలామందిలో శుక్లాల వల్లే. ఆపరేషన్‌తో బాగుపడేదాన్ని మొండితనం అని తిట్టుకుంటున్నారేమో కూడా! నీటికాసులైతే (గ్లాకోమా) మాత్రం పోయిన పక్కచూపు తిరిగి రాదు. కంటి డాక్టరు దగ్గరికి కొడుకే వెంటపెట్టుకుని వెళ్లాలి. “కారు మానేయండి నాన్నా” అని మొదలెట్టొద్దు. “లైసెన్సు రెన్యువల్‌కి కళ్లు చూపించాలి, పదండి” అంటే ఆయన గౌరవానికి దెబ్బ తగలదు. రిటైరైన మనిషికి కారు తాళం అంటే ఇంట్లో మిగిలిన పెద్దరికం. దాన్ని కోడలి చాటు ఉత్తరంతో లాక్కోవడం నాకు నచ్చదు.

స్కూటరాయన విషయంలో తప్పు చేశారు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఎదుటివాళ్లకి డబ్బు ఇవ్వకూడదని, ఇస్తామని మాటివ్వకూడదని మీ పాలసీ షరతుల్లోనే రాసి ఉంటుంది. గేటుకి తగిలి కారు మీద పడ్డ గీతలకి క్లెయిము వేయకుండా చేతి డబ్బుతో రంగు వేయించుకుంటే వేయించుకోండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము వేయనందుకు సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో తగ్గింపు, మొదటి ఏడాదికి 20 శాతం, అయిదేళ్లకి 50 శాతం దాకా వస్తుంది, పోగొట్టుకోవడం ఎందుకు. మనిషికి తగిలితే మాత్రం గుట్టుగా సర్దుకోవద్దు. ఆస్పత్రికి, పోలీసులకి, కంపెనీకి, ముగ్గురికీ వెంటనే చెప్పాలి. మీరడిగిన ఇన్సూరెన్సు కంపెనీతో పని పడేది అప్పుడే.

ఇవన్నీ తేలేదాకా పాపని రేపటి నుంచే ఆటోలో పంపండి. దీనికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. మావగారు ఎందుకని అడిగితే, “మీ అబ్బాయినడగండి మావయ్యా” అనండి.